జెల్లీ సీసా, వేడినీళ్ల గిన్నె

స్కానింగ్ టేబుల్ మీద పడుకున్న గర్భిణి పొట్ట మీద చల్లని జెల్లీ పడితే ఆమె ఎట్లా ముడుచుకుంటుందో చూసిన వాళ్లకు తెలుసు. మొదటి కాన్పు పిల్లలైతే పక్కనున్న వాళ్ల చెయ్యి పట్టేసుకుంటారు. నేను నర్సుగా చేరి, సర్కారు దవాఖానలో స్కానింగ్ గదిలో పడ్డ మొదటి వారం, అక్కడి ఆయమ్మ నాకు ఒకే ఒక్క పని నేర్పింది. స్టీలు గిన్నెలో వేడినీళ్లు పోసి జెల్లీ సీసాను అందులో నిలబెట్టాలి. రాసేముందు మణికట్టు లోపలివైపు ఒక చుక్క వేసుకుని చూడాలి, పసిపిల్లల పాలు చూసినట్టు. "గంతే బిడ్డా. కడమ సదువంత నువ్వు సదువుకునే అచ్చినవ్ గదా," అంది.

ముప్పై ఏళ్లు ఆ గిన్నె నాతో ఉంది. డాక్టర్లు మారారు, మిషన్లు మారాయి, గిన్నెకు సొట్టలు పడ్డాయి. గిన్నె పెట్టమని నాకు ఎవరూ చెప్పలేదు, వద్దనీ అనలేదు. ఏ రిజిస్టర్లోనూ దాని ఊసు లేదు. నెక్కొండ వైపు నుంచి పొద్దున రైలుకు వచ్చే ఆడవాళ్లు మాత్రం "ఆ లావుపాటి సిస్టర్ ఉన్ననాడే పోదాం" అనుకునేవాళ్లని విన్నాను. నాకు గర్వంగానే ఉండేది. లావు అన్న మాట ఒక్కటి తీసేస్తే ఇంకా బాగుండేది.

ఇప్పుడిప్పుడే ఉద్యోగాల్లో చేరుతున్న మీకు ఈ గిన్నె సంగతి చెప్తాను. నాకు మంచి పేరు తెచ్చింది అదే, ఒక ఆడపిల్ల మూడేళ్ల కష్టాన్ని ముంచబోయిందీ అదే.

రిటైరైన ఆరు నెలలకే ఇంట్లో నా సాధింపు భరించలేక మా ఆయన చేతులెత్తేశాడు. "యాడన్న ఏదన్న పని సూస్కో. నీకు పుణ్యముంటది," అన్నాడు. హసన్‌పర్తి దాటాక ఉన్న ఒక కాలేజీలో పరిశోధన చేసేవాళ్లకు అల్ట్రాసౌండ్ తెలిసిన మనిషి కావాలని నాతో పనిచేసిన డాక్టరొకాయన చెబితే వెళ్లాను. అక్కడి ప్రొఫెసర్‌ను అందరూ పెద్దసారు అనేవాళ్లు. ఆయన నన్ను అడిగింది ఒకటే ప్రశ్న, ఎలుకలంటే భయమా అని. "సర్కారు దవాఖానల ముప్పై ఏండ్లు చేసిన సార్, పిల్లులు భయపడే ఎలుకల్ని సూసిన," అన్నాను. ఆయన నవ్వి, సోమవారం నుంచి రమ్మన్నాడు. కాశిబుగ్గలో బయల్దేరి, హన్మకొండలో బస్సు మారి, తొమ్మిదింటికల్లా అక్కడ ఉండేదాన్ని.

పని ఒక అమ్మాయిది. వరంగల్ బజార్లో బట్టల కొట్టు నడిపే వాళ్ల బిడ్డ, డాక్టరేటు కోసం చేస్తోంది. పట్టా ఇంకా రాలేదు గానీ నేను మొదటి రోజు నుంచే డాక్టరమ్మా అని పిలిచేదాన్ని. ఆమె నన్ను సిస్టరమ్మా అనేది. రోజూ మధ్యాహ్నం డబ్బా విప్పగానే వాళ్ల నాయన ఫోన్ చేసి "తిన్నవా బిడ్డా" అనేవాడు, ఆ వెంటనే "ఇంకెన్నొద్దులు ఈ ఎలుకలతోని" అనేవాడు. రెండో ప్రశ్నకు ఆమె ఎప్పుడూ "అయిపోతాంది బాపూ" అని ఒకటే జవాబు చెప్పేది.

మూడో మనిషి ఎలుకల గదిని చూసుకునే ఆయన. హసన్‌పర్తి పక్క ఊళ్లో రెండెకరాల రైతు, యాభై దాటాయి. పొద్దున పొలం చూసుకుని కాలేజీకి వచ్చేవాడు. ఎలుకలకు మేత వేస్తూ వాటితో పెళ్లాంతో మాట్లాడినట్టు మాట్లాడేవాడు. నన్ను అక్కా అనేవాడు, నేను తమ్మీ అనేదాన్ని.

చేసే పనేమిటో కొంచెం చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది మీకు అర్థం కాదు. పుట్టగానే ఏడవని పిల్లలు కొందరుంటారు. మెదడుకు గాలి అందక దెబ్బ తగులుతుంది. అట్లాంటి బిడ్డను మూడు రోజులు చల్లగా ఉంచితే ఆ దెబ్బ ముదరకుండా ఆపవచ్చు. ఈ వైద్యం ఇప్పుడు ఉన్నదే. చిక్కేమిటంటే, ఒంటికి అది వైద్యమని తెలియదు. చలి వేస్తోందనుకుని ఎదురు తిరుగుతుంది, వణుకుతుంది, ఉన్న కాస్త శక్తినీ వేడి పుట్టించడానికి ఖర్చు పెడుతుంది. దాన్ని ఆపడానికి మళ్లీ మత్తు మందులు.

మెదడు అడుగున, ఒంటి వేడిని చూసుకునే చోటు ఒకటుంది. భూతద్దంతో ఎండను ఒక చుక్క మీదకు తెచ్చినట్టు, అల్ట్రాసౌండ్‌ను నెత్తి మీంచి ఆ ఒక్క చోటికి పంపిస్తే, అది "వేడెక్కింది, ఇక వేడి పుట్టించకండి" అని ఒంటికి కబురు పెడుతుంది. ఒళ్లు తనంతట తానే చల్లబడుతుంది. అప్పుడు బయటి నుంచి చల్లబరిచినా గొడవ పెట్టదు. మా డాక్టరమ్మ ఎలుకల మీద చూస్తున్నది ఇదే.

ఆమె ఇది చెప్పినప్పుడు నాకు దవాఖానలో ఒక ముసలామె గుర్తొచ్చింది. నెక్కొండ దగ్గరి కూలి మనుషులు. కోడలికి ఏడో నెలలో స్కానింగ్ నా చేతుల మీదుగానే అయింది, లోపల బిడ్డ తెగ తన్నేది. పుట్టాక ఏడవలేదు. చల్లటి పరుపు మీద పెట్టారు. ముసలామె మూడు రోజులు అద్దం బయట ఊలు టోపీ చేతిలో పట్టుకుని నిలబడింది. "పుట్టిన బిడ్డను ఎవలన్న సలిల పెడ్తరా సిస్టరమ్మా, సూడు ఎట్ల వణుకుతాందో," అంది. ఆ బిడ్డ బతికింది. నాలుగో రోజు టోపీ పెట్టింది కూడా నేనే. అందరు పిల్లలూ బతకరు. అందుకే ఆ ఎలుకల పని నాకు ఉద్యోగంలాగా అనిపించేది కాదు, సొంత పనిలాగా అనిపించేది.

పద్ధతి తేలికే. ఎలుకకు జర మత్తిచ్చి, నెత్తి మీద వెంట్రుకలు గొరిగి, జెల్లీ రాసి, చొక్కా గుండీ అంత మిషను ముక్కను సరైన చోట ఆనించి పట్టుకోవాలి. జెల్లీ ఆరితే మళ్లీ రాయాలి. ఒంటి వేడి కంప్యూటర్ మీద గీతగా కనిపిస్తూ ఉంటుంది. సగం ఎలుకలకు మిషన్ ఆన్ చేస్తాం. మిగతా సగానికి అన్నీ అట్లాగే చేసి మిషన్ మాత్రం ఆన్ చెయ్యం. వీటిని ఉత్త గుంపు అనేవాళ్లం. రెంటికీ తేడా వస్తే అది మిషన్ వల్లే అని రుజువు.

ఆన్ చేసే గుంపు నాకు ఇచ్చారు, సరైన చోటు పట్టడానికి చెయ్యి తిరిగిన మనిషి కావాలని. ఉత్త గుంపుకు నేర్పు ఎందుకని దాన్ని మా తమ్మికి ఇచ్చారు, పక్క గదిలో. ఎవరికీ ఇందులో తప్పు కనబడలేదు. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు అని పెద్దసారే అన్నాడు.

నేను చేరకముందు ఏడాది పాటు గీతలు ఒక రోజు దిగేవి, ఒక రోజు దిగేవి కావు, దిగినా పిసరంత. నేను చెయ్యి పెట్టిన మొదటి వారమే చక్కగా దిగాయి. రెండో వారమూ అంతే. డాక్టరమ్మ పాత లెక్కలన్నీ పక్కన పెట్టి, నేను వచ్చాక చేసినవే తీసుకోవడం మొదలుపెట్టింది. నాకు జలుబు చేసి రాకపోతే ఆ రోజు పని ఆపేసేవాళ్లు. "సిస్టర్ హస్తవాసి అట్లాంటిది," అనేవాడు పెద్దసారు, వచ్చిన ప్రతి వాడికీ. అన్ని చదువులు చదివినాయన నోటి నుంచి ఆ మాట వింటే నాకు జడ వేసుకున్న రోజులు గుర్తొచ్చేవి. మా ఆయనకు రోజూ చెప్పేదాన్ని. ఆయన "ఆ చెయ్యితోనే జర చాయ్ పెట్టు" అనేవాడు.

మీకు ఈపాటికి అర్థమైపోయి ఉంటుంది. నాకు కాలేదు. చేరిన రోజే నేను ఇంటి నుంచి గిన్నె పట్టుకెళ్లాను. చాయ్ కెటిల్‌లో నీళ్లు కాచి, గిన్నెలో పోసి, సీసాను నిలబెట్టేదాన్ని. మణికట్టు మీద చుక్క వేసుకుని చూసేదాన్ని. ఎలుకైతే మాత్రం, నెత్తిన చల్లగా పడితే దానికి చలి ఉండదా. అందరూ చూస్తూనే ఉన్నారు, అందరి కళ్ల ముందే గిన్నె ఉంది. రిజిస్టర్లో ఎలుక బరువుకు గడి ఉంది, గది వేడికి గడి ఉంది, మేతకు, మత్తుకు, ఆఖరికి పంజరం నంబరుకు కూడా ఉంది. జెల్లీకి లేదు. జెల్లీ రాశాం అంటే రాశాం, అంతే.

రెండేళ్లు గడిచాయి. వ్యాసం రాసి పంపారు. హైదరాబాద్‌లో పెద్ద సదస్సులో డాక్టరమ్మ మాట్లాడాలి. ఆ గీతలు చూసి వేరే ఊళ్లో పసిపిల్లల డాక్టర్ల బృందం ఒకటి, తర్వాత మెట్టు పందుల మీద, ఆ తర్వాత పిల్లల దాకా పోదామని ముందుకొచ్చింది. ఆమెకు ఇచ్చిన గడువు ఆ వేసవితో సరి. పూర్తి చెయ్యడానికి ఇంకో పది ఎలుకల పని మిగిలింది. "అయిపోతాంది బాపూ" అన్న మాట ఆ రోజుల్లో ఆమె నవ్వుతూ చెప్పేది.

అప్పుడు చాయ్ కెటిల్ కాలిపోయింది.

కెటిల్ కాలిపోవడం వార్తా అని మీకు అనిపించవచ్చు. నాకూ వార్త కాలేదు. నీళ్లు లేకపోతే ఒక్క రోజుకు ఏం మునిగిందని సీసాలోంచి తీసి ఉన్నదున్నట్టు రాశాను. ఆ రోజు మూడు ఎలుకలు. మూడింటి గీతలూ సగమే దిగాయి. డాక్టరమ్మ ముఖం వాడిపోయింది. మిషన్ చెడిపోయిందని ఇంజనీరును పిలిపించింది. ఆయన సాయంత్రం దాకా చూసి, మిషన్ నాకంటే ఆరోగ్యంగా ఉందన్నాడు. మర్నాడు నేను ఇంటి నుంచి ఫ్లాస్కులో వేడినీళ్లు తెచ్చుకున్నాను. గీతలు మామూలుగా దిగాయి. "నిన్న సిస్టర్ చెయ్యి అలిగింది," అని పెద్దసారు నవ్వాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వబోయి, గిన్నె వంక చూసి ఆగిపోయాను.

ఇంటికి పోయే బస్సులో నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. కాకి వాలింది, తాటిపండు పడింది, అంతే అనుకున్నాను. కానీ అనుమానం వదల్లేదు. ముప్పై ఏళ్లు దవాఖానలో చేసినవాళ్లకు ఆ అనుమానం తెలుస్తుంది, ఏ మందు ఎవరికి ఇచ్చామో ఒక్క క్షణం గుర్తురానప్పుడు వచ్చేదే అది.

మర్నాడు మధ్యాహ్నం డాక్టరమ్మ తినడానికి వెళ్లినప్పుడు తమ్మి గదిలోకి పోయాను. "నీ ఉత్త ఎలుక ఒకటి నాకియ్యి తమ్మీ, నేను చేస్త," అన్నాను. ఎందుకని అడగలేదు, ఇచ్చాడు. ఫ్లాస్కు నీళ్లు గిన్నెలో పోశాను. సీసా పెట్టాను. మణికట్టు మీద చూసుకున్నాను. నెత్తి మీద రాసి, మిషను ముక్క ఆనించి పట్టుకున్నాను. ఆరుతుంటే మళ్లీ వెచ్చటిది రాశాను. మిషన్ ఆన్ చెయ్యలేదు. తీగ కూడా పీకేశాను, అనుమానం లేకుండా.

గీత దిగడం మొదలైంది. బాగా కాదు, కానీ దిగింది. ఇద్దరం దాన్నే చూస్తూ నిలబడ్డాం.

"అక్కా, మిషిని ఆన్ జెయ్యలే గదా," అన్నాడు తమ్మి.

"చెయ్యలే."

"మరి ఎట్ల దిగుతాంది?"

గిన్నె చూపించాను. ఎలుక నెత్తి ఎంతుంటుంది, బొటనవేలంత. దాని పుర్రె కాగితమంత పలచన. దాని మీద పావుగంట సేపు వెచ్చటి జెల్లీ పెడితే ఆ వేడి లోపలికి దిగుతుంది. లోపల ఉన్న ఆ చోటు వేడెక్కిందనుకుని ఒంటిని చల్లబరుస్తుంది. మిషన్ చెయ్యాల్సిన పనిలో కొంత నా గిన్నే చేసిపెట్టింది. తమ్మి ఏనాడూ జెల్లీ వేడి చెయ్యలేదు, కాబట్టి ఉత్త గుంపు గీతలు కదల్లేదు. రెండు గుంపులకూ తేడా మిషన్ ఒక్కటే అనుకున్నాం. మిషన్‌తో పాటు నేనూ తేడానే.

తమ్మి తలుపు దగ్గరగా వేశాడు. అట్లాంటి మనిషి కాదు, అయినా అన్నాడు: "ఎవలకు జెప్పకు అక్కా. నువ్వు కావాల్నని చేసినవా ఏంది. ఆ పిల్ల మూడేండ్ల సంది తిండి లేదు, నిద్ర లేదు. ఇంక పది ఎలుకలైతే అయిపాయె. గిన్నె ఇంటికి పట్కపో, ఎవలకెర్క."

"ఎవరికి తెలుసు" అన్నది నిజమే. ఇది మీకు దాచకుండా చెప్తున్నాను, నేను ఆ మాటకు ఆ పూటా, ఆ రాత్రీ లొంగిపోయాను. చెబితే ఆ పిల్ల మునుగుతుంది. చెప్పకపోతే ఎవరూ మునగరు, ఎలుకలు ఫిర్యాదు చెయ్యవు. అదొక్కటే కాదు, నా సొంత లెక్క కూడా ఒకటుంది. చెబితే నా హస్తవాసి పోతుంది. అరవై దాటాక దొరికిన పేరు, ఒక సొట్టల గిన్నె కింద పడి చావడం నాకు ఇష్టం లేదు.

నన్ను లేపింది ఆ ముసలామె టోపీ. వేరే ఊరి డాక్టర్లు మా గీతలు నమ్మి ముందుకు పోతున్నారు. ఎన్నేళ్లకో ఒకనాడు ఏడవని బిడ్డ ఒకటి టేబుల్ మీద ఉంటుంది. నెత్తి మీద ఈ మిషన్ పెట్టి, ఇంత దిగుతుందని నమ్మి, మత్తు మందు తగ్గిస్తారు. అక్కడ నా గిన్నె ఉండదు. గీత సగమే దిగుతుంది. బిడ్డ వణుకుతుంది, బయట అద్దం దగ్గర ఎవరో టోపీ పట్టుకుని నిలబడి ఉంటారు. వాళ్లకు నేను ఏం చెప్పాలి.

మర్నాడు మధ్యాహ్నం ఆమె డబ్బా విప్పకముందే చెప్పాను. తిన్నాక చెబుదామనుకున్నాను గానీ, తిన్నాక చెబుదామనుకుంటే ఎప్పటికీ చెప్పనని భయం వేసింది. గిన్నె, కెటిల్, ఉత్త ఎలుక, అన్నీ చెప్పాను. ఫోన్ మోగింది, వాళ్ల నాయన. తియ్యలేదు.

"ఎన్ని ఎలుకలకు చేశారు అట్లా?" అంది.

"అన్నిటికీ బిడ్డా."

"ఆన్ చేసిన అన్నిటికీ?"

"ఆ ఒక్క రోజు మూడింటికి తప్ప."

 ఆమె నా వైపు తిరిగింది. ఆమెకు కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. "రెండేండ్లు సిస్టరమ్మా. ఒక్కసారి కూడా చెప్పాలనిపియ్యలేదా మీకు?"

"ఉప్పు ఏసిన అని కూరకు కూరకు చెప్తమా బిడ్డా. నాకది చెప్పే సంగతి అనే తెల్వదు."

"నాకు తెలియాలె," అంది. "రోజూ చూసిన ఆ గిన్నెను. చాయ్‌కి అనుకున్న." అని డబ్బా మూత పెట్టేసి బయటికి పోయింది. ఆమె కళ్లు తుడుచుకోవడం తలుపు అద్దంలోంచి కనబడింది. నేను ముప్పై ఏళ్లలో ఎందరి ఏడుపో చూశాను. నా వల్ల ఏడ్చిన వాళ్లు తక్కువ.

అరగంటకు స్కేలు పట్టుకుని వచ్చింది. రిజిస్టర్ తీసి, గది వేడి పక్కన ఇంకో గీత గీసి, పైన "జెల్లీ వేడి" అని రాసింది. వెనక్కి తిప్పి పాత పేజీలన్నిటికీ అదే గడి గీసింది. ప్రతి దాంట్లో "తెలియదు" అని రాస్తూ పోయింది. పేజీలు చాలా ఉన్నాయి. నేను పక్కన కూర్చుని పేజీ తిప్పి ఇచ్చాను.

పెద్దసారుకు చెప్పినప్పుడు మొదట నన్ను తిట్టాడు. తర్వాత ఆమెను తిట్టాడు. చివరికి కూర్చుని, "హస్తవాసి అని ఊరంతా చెప్పింది నేనే కదా. ఒక మనిషి చేస్తేనే వస్తోందంటే ఎందుకని అడగాల్సింది కూడా నేనే," అన్నాడు. ఆ మాటతో ఆయన మీద నాకు గౌరవం పెరిగింది. వ్యాసం వెనక్కి తీసుకున్నారు. సదస్సులో ఆమె పేరు కొట్టేశారు. వేరే ఊరి డాక్టర్లకు ఆగమని రాశారు. గడువు ఏడాది పొడిగించుకోవడానికి ఆమె ఎన్ని సంతకాల చుట్టూ తిరిగిందో నేను చూశాను. వాళ్ల నాయనకు ఏం చెప్పిందో తెలియదు. ఆయన ఫోన్లో రెండో ప్రశ్న అడగడం మానేశాడు.

మళ్లీ మొదటి నుంచి. ఈసారి నాలుగు గుంపులు. చల్లటి జెల్లీ, మిషన్ ఆన్. చల్లటి జెల్లీ, మిషన్ ఆఫ్. వెచ్చటివి కూడా అట్లాగే రెండు. మిషన్ ఆన్ అయిందో లేదో, ఎలుక నెత్తి మీద మిషను ముక్కను పట్టుకునే మనిషికి తెలియకూడదు. పక్క గదిలో డాక్టరమ్మ చీటీ తీసి స్విచ్ వేస్తుంది, చీటీని కవర్లో పెట్టి అతికిస్తుంది. నాలుగు గుంపులకూ పట్టుకునే మనిషి ఒక్కరే ఉండాలి. నన్నే ఉండమన్నారు. నా మీద కోపం ఉన్నా నా చేతి మీద నమ్మకం ఉంది.

మొదటి రోజు మొదటి ఎలుక చల్లటి జెల్లీది. సీసా బల్ల మీద ఉంది, గిన్నె ఇంట్లో ఉంది. జెల్లీ చేతిలోకి తీసుకున్నాను. రాయబోతుంటే తమ్మి "అక్కా," అన్నాడు మెల్లగా. చూసుకుంటే, నా రెండు అరచేతులూ జెల్లీని రుద్దుతున్నాయి. వెచ్చబెడుతున్నాయి. నేను చెప్పలేదు వాటికి. ఆ ఎలుకను పక్కన పెట్టాం. రెండోదానికి ఒళ్లు దగ్గర పెట్టుకుని చేశాను. మూడోదానికి మళ్లీ రుద్దాను.

చేతులు కడుక్కుని డాక్టరమ్మ దగ్గరికి పోయాను. "నన్ను మార్చు బిడ్డా. తెలిసి కూడ నా చెయ్యి మానుత లేదు. నువ్వు పక్క గదిల ఉంటవ్, నీకెట్ల తెలుస్తది. నాకే తెల్వకుండ చేస్తాన," అన్నాను. ఎవరిని పెట్టాలంది. తమ్మిని అన్నాను. ఆయనకు రాదంది. నేర్పుతా అన్నాను.

నేర్పాను. నెల పట్టింది. పార పట్టిన చెయ్యి, మొదట ఎలుక నెత్తిని నేలలోకి తొక్కినట్టు నొక్కేవాడు. "తమ్మీ, నారు పట్టుకున్నట్టు పట్టుకో" అంటే అప్పుడు అర్థమైంది. జెల్లీలో థర్మామీటర్ ముంచి, అంకె చూసి, కొత్త గడిలో వంకర అక్షరాలతో రాసి, అప్పుడే ఎలుక నెత్తికి పూసేవాడు. ఆయనకు ఏ అలవాటూ లేదు కాబట్టి చెప్పింది చెప్పినట్టు చేసేవాడు. నాకు ముప్పై ఏళ్ల నేర్పు ఉంది, అదే నన్ను ఆ కుర్చీలోంచి లేపింది.

తర్వాత ఏమైందో ముందే చెప్పేస్తున్నాను, నేను చివర రాయాలనుకున్నది అది కాదు కాబట్టి. ఆమెకు పట్టా వచ్చింది, ఏడాది ఆలస్యంగా. జెల్లీ వేడిని చూసుకోకపోతే ఎంత మోసపోతామో కూడా డాక్టరేటు కోసం ఆమె రాసిన పుస్తకంలో ఒక అధ్యాయం అయింది. వేరే ఊరి డాక్టర్లు మళ్లీ మొదలుపెట్టారు, ఈసారి చిన్న లెక్కలతో. పిల్లల దాకా ఇంకా రాలేదు. వస్తుందో లేదో నాకు తెలియదు.

కవర్లు విప్పిన రోజు నన్ను కూడా పిలిచారు. మూడో కుర్చీలో, గోడ పక్కన కూర్చున్నాను. తమ్మి కొత్త చొక్కా వేసుకుని వచ్చాడు. మొదట చల్లటి జెల్లీ గుంపులు. డాక్టరమ్మ ఒక్కో కవరు చించి చదువుతోంది, తమ్మి కంప్యూటర్ మీద ఆ ఎలుక గీత చూసి చెబుతున్నాడు.

"ఆన్," అంది.

"దిగింది."

"ఆఫ్."

"దిగలే. గట్లనే ఉన్నది."

"ఆన్."

"దిగింది. ఎక్కువ గాదు గని, దిగింది."

నా రోజుల్లో దిగినంత కాదు. అందులో సగం. అయినా ప్రతి కవరుకూ ఆమె ముఖం విచ్చుకుంటూ వచ్చింది. నా గీతలు చూసి ఆమె ఎప్పుడూ అట్లా నవ్వలేదు. చివరి కవరు చించి, చదవకుండా తమ్మి వైపు చూసింది. తమ్మి గీత మీద వేలు పెట్టాడు. "ఇది ఆన్ ఉంటది బిడ్డా. దిగింది," అన్నాడు. ఆమె చీటీ తిప్పి చూపించింది. ఆన్.

"హస్తవాసి నాకు గూడ అచ్చినట్టున్నది అక్కా," అన్నాడు తమ్మి నా వైపు తిరిగి.

"ఎవ్వలకు లేదు తమ్మీ. పని జేస్తాంది మిషినే," అన్నాను.

నాకు ఆ రోజు కలిగినంత సంతోషం నా సర్వీసులో కలగలేదు. దాని పక్కనే కొంచెం కుళ్లు కూడా ఉంది, అదీ నిజమే. రైతు చెయ్యి, జెల్లీ వెచ్చబెట్టడం తెలియని చెయ్యి, దాని కింద గీత దిగింది. డాక్టరమ్మ ఫోన్ తీసి వాళ్ల నాయనకు చేసింది. నేను రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఆ పూటంతా నేను దేన్నీ ముట్టుకోలేదు.